9-1-1 ఎపిసోడ్‌లు శిక్షణకి పనికొస్తాయా? ఎక్కడ ఆపి ఏం చెప్పాలి (కథ మలుపులు ఉన్నాయి)

ఎంవీపీ_సుధ
అందరికీ నమస్కారం. మా కాలనీ వాలంటీర్ల శిక్షణలో 9-1-1 (లాస్ ఏంజెలెస్ ఫైర్ స్టేషన్, కాల్ సెంటర్ చుట్టూ నడిచే అమెరికా సీరియల్) నుంచి కొన్ని ఎపిసోడ్‌లు వేసి, మధ్యమధ్యలో ఆపి మాట్లాడుకోవాలని అనుకుంటున్నాం. సీజన్ 2లో భూకంపం జంట (‘7.1’, ‘హెల్ప్ ఈజ్ నాట్ కమింగ్’), ఆ సీజన్ చివర లాడర్ ట్రక్కు పేలుడు, సీజన్ 3 మొదట్లో సునామీ మూడు భాగాలు, బావిలో పడ్డ పిల్లాడి కథ ‘ఎడ్డీ బిగిన్స్’, సీజన్ 8లో ల్యాబ్ కథ తీసుకున్నాం. ఫైర్, 108 పని తెలిసినవాళ్లు ఏ సీన్ దగ్గర ఏం సరిదిద్దాలో చెప్పండి. మలుపులు బయటపడినా ఫర్వాలేదు.

గాజువాక_బ్రాంచిమన్
ముందు ఒకటి చెప్పేయండి, లేకపోతే సీరియల్ అంతా తప్పుగా అర్థమవుతుంది. లాస్ ఏంజెలెస్‌లో పారామెడిక్‌లు ఫైర్ డిపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు. అందుకే సీరియల్‌లో పారామెడిక్‌లు హెన్, చిమ్నీ మంటల్లోకీ వెళ్తారు, మందూ ఎక్కిస్తారు. మన దగ్గర ఫైర్ వేరు, 108 వేరు. 108 బండిలో ఈఎంటీ (ప్రథమ చికిత్స చేసే టెక్నీషియన్) ఒకరు, పైలట్ (డ్రైవర్) ఒకరు. పొగలోకి వెళ్లే సామాను వాళ్ల దగ్గర ఉండదు. మంట ఉన్నచోట మనిషిని బయటికి తెచ్చేది ఫైర్‌వాళ్లు, గేటు దగ్గర అందుకునేది 108. కాబట్టి ఫోన్ చేసేటప్పుడు మంటా ఉంది, దెబ్బలూ తగిలాయి అని రెండూ చెప్పాలి.

ఇక పొగ. ఈ సీరియల్‌లో ఏ గదిలో చూసినా మొహాలు కనిపిస్తాయి. నటులు కనపడాలి కాబట్టి తప్పదు. నిజం మంటలో మోకాళ్ల మీద పాకుతూ, ఒక చెయ్యి గోడకి ఆనించి, ఆ గోడ వదలకుండా వెతుకుతారు. కుడి గోడతో లోపలికి వెళ్తే తిరిగొచ్చేటప్పుడు అదే గోడ ఎడమ చేతికి వస్తుంది. పైకప్పు దగ్గర వేడి 500–600 డిగ్రీలకి చేరితే గది మొత్తం ఒక్కసారే అంటుకుంటుంది. నిలబడి నడిచినవాడికి ఆ వేడి ముందు తలకే తగులుతుంది.

గాలి లెక్క కూడా బోర్డు మీద వేసి చూపించండి. ఫైర్‌వాళ్లు వీపున మోసే 6 లీటర్ల సిలిండర్ 300 బార్ (పీడనం కొలత) నింపితే 1,800 లీటర్ల గాలి. గాలి తగ్గిందని హెచ్చరించే విజిల్ 55 బార్ దగ్గర మోగుతుంది, అంటే 330 లీటర్లు బయటికి రావడానికి అట్టేపెట్టుకున్నట్టు. మిగిలిన 1,470 లీటర్లు నిమిషానికి 40 చొప్పున 36 నిమిషాలు వస్తాయి. మనిషిని మోస్తూ మెట్లెక్కితే నిమిషానికి 60 దాకా లాగుతాడు, అప్పుడు 24 నిమిషాలే. సీరియల్‌లో లోపలికెళ్లి తీరిగ్గా మాట్లాడుకునే సీన్ల దగ్గర ఈ అంకె గుర్తు చేయండి.

సింహాచలం_ఈఎంటీ
సీపీఆర్ కనిపించిన ప్రతిచోటా ఆపాల్సిందే. ఈ సీరియలే కాదు, తెర మీద ఎక్కడైనా మోచేతులు వంగిపోతాయి. బతికున్న నటుడి ఛాతీ నొక్కలేరు కదండి. వాలంటీర్లకి నేర్పాల్సింది: మోచేతులు బిగబట్టి, భుజాలు సరిగ్గా చేతుల పైకి వచ్చేలా వంగి, ఛాతీ 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100–120 సార్లు. నొక్కాక ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. చాలామంది చెయ్యి బరువు అలాగే ఆనించి ఉంచేస్తారు, దాంతో గుండెలోకి రక్తం తిరిగి రాదు. రెండు నిమిషాలకి మనిషి మారాలి. అలసట తెలియకపోయినా లోతు తగ్గిపోతుంది, పక్కవాళ్లు చూసి చెప్పాలి. ఊపిరి ఇవ్వడం వచ్చినవాళ్లు 30కి 2 ఇస్తారు. రానివాళ్లు నొక్కుతూనే ఉండాలి.

మానిటర్ మీద గీత సాపుగా అయిపోగానే షాక్ ఇవ్వడం కూడా వైద్యం సీరియల్స్ అన్నిటికీ ఉన్న జబ్బు. షాక్ పనిచేసేది గుండె అడ్డదిడ్డంగా వణుకుతున్నప్పుడు. గీత సాపుగా ఉంటే నొక్కడం, అడ్రినలిన్, కారణం వెతకడం. ఏఈడీ (ఎవరైనా వాడగలిగే షాక్ మిషను) తనే లయ చూసుకుని, అవసరం లేకపోతే షాక్ ఇవ్వదు. అందుకే దాన్ని చూసి భయపడక్కర్లేదని చెప్పండి.

పెందుర్తి_రావు
లాడర్ ట్రక్కు ఎపిసోడ్‌లో జనం అంతా కలిసి ట్రక్కు ఎత్తి, కింద ఇరుక్కున్న ఫైర్‌మన్ బక్‌ని లాగుతారు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ అది తప్పు కదా? బరువు తీసేస్తే క్రష్ సిండ్రోమ్ వచ్చి చచ్చిపోతాడని విన్నాను. సెలైన్ ఎక్కించకుండా కదపకూడదంటారు.

మాధవి_క్యాజువాలిటీ
రావు గారూ, సగం నిజం. నలిగిన కండరంలోంచి పొటాషియం, మయోగ్లోబిన్ రక్తంలోకి వచ్చేస్తాయి. బరువు తీయగానే అవి గుండెకీ కిడ్నీలకీ చేరతాయి. కానీ దానికి సమయం పడుతుంది. తొడలాంటి పెద్ద కండరం గంటా, అంతకన్నా ఎక్కువ సేపు నలిగితే ఆ ప్రమాదం. నిమిషాల్లో తీయగలిగితే తీసేయడమే సరి. ఆలస్యం చేస్తే రక్తం పోయి చనిపోతాడు. కాబట్టి బక్ విషయంలో తొందరపడటం తప్పు కాదు.

గంటలు గడిచాయంటే లెక్క మారుతుంది. బరువు తీయకముందే సెలైన్ మొదలుపెట్టాలి, పెద్దవాళ్లకి గంటకి లీటరు నుంచి లీటరున్నర. రింగర్ లాక్టేట్ వద్దు, అందులో పొటాషియం ఉంది. ఈసీజీలో టీ వేవ్‌లు నిక్కబొడుచుకుంటే కాల్షియం గ్లూకోనేట్ సిద్ధంగా ఉండాలి. ఇది ఈఎంటీ, డాక్టర్ల పని. వాలంటీర్ చేయాల్సింది ఒక్కటే, ఎన్నింటికి ఇరుక్కున్నాడో రాసి అందించడం. ఆ టైము తెలియకపోతే మాకు సగం నిర్ణయాలు ఆగిపోతాయి. తర్వాత బక్‌కి రక్తపు గడ్డ ఊపిరితిత్తికి చేరి, దగ్గితే రక్తం పడటం చూపించారు చూడండి, అది చక్కగా తీశారు. కాలి ఆపరేషన్ తర్వాత నిజంగా భయపడేది దానికే.

గాజువాక_బ్రాంచిమన్
ఎత్తడం గురించి నాదీ ఒక మాట. ఎత్తడం తప్పు కాదు, కింద ఏమీ పెట్టకుండా ఎత్తడం తప్పు. అంగుళం లేపితే అంగుళం దిమ్మ పెట్టాలి. నాలుగంగుళాల చదరపు చెక్క దిమ్మల్ని ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా పేర్చుకుంటూ పోతే, ఎవరి చెయ్యి జారినా బండి మళ్లీ వాడి మీదకి దిగదు. అవతలి వైపు చక్రాలకి అడ్డు ముందే పెట్టాలి. ఒకే గొంతు లెక్కపెట్టాలి, పదిమంది అరిస్తే పని చెడుతుంది. చేతులు, కాళ్లు బండి కిందకి పోనివ్వకూడదు, దిమ్మని ఇంకో దిమ్మతో తొయ్యాలి. మెత్తని మట్టి మీద జాకీ పెడితే బండి లేవదు, జాకీయే దిగుతుంది. కింద వెడల్పాటి పలక వేయాలి.

భూకంపం ఎపిసోడ్‌లో ఒరిగిన హోటల్‌లోకి దూరిపోతారు, ఒక్క ఊత కూడా కనపడదు. అక్కడ కూడా ఇదే చెప్పండి. ఊతలు పెట్టాకే లోపలికి. పైగా మొదటి పని అరవడం కాదు, అందర్నీ నిశ్శబ్దంగా ఉంచడం. జనరేటర్లు ఆపించి, ‘వినబడితే మూడుసార్లు కొట్టండి’ అని పిలిచి, ఒక నిమిషం చెవులు రిక్కించి వినాలి. నాలుగు మూలల నుంచీ అలా వింటే శబ్దం ఎటునుంచి వస్తుందో పట్టుకోవచ్చు.

సింహాచలం_ఈఎంటీ
సునామీ భాగాల్లో గాయపడినవాళ్లు గుంపుగా చేరే సీన్ల దగ్గర స్టార్ట్ ట్రయాజ్ (ఎవరికి ముందు వైద్యం అందాలో రంగులతో విడదీసే పద్ధతి; ఎరుపు అంటే వెంటనే, పసుపు అంటే కాస్త ఆగొచ్చు, నలుపు అంటే ప్రాణం లేదని) నేర్పించండి. నడవగలిగినవాళ్లు ఆకుపచ్చ, పక్కకి. మిగిలినవాళ్లలో ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి దారి తెరవాలి. అయినా రాకపోతే నలుపు, వస్తే ఎరుపు. ఊపిరి నిమిషానికి 30 దాటితే ఎరుపు. మణికట్టు దగ్గర నాడి అందకపోతే ఎరుపు. చెయ్యి పిడికిలి బిగించమంటే చేయలేకపోతే ఎరుపు. ఇవన్నీ దాటినవాళ్లు పసుపు. ఒక్కొక్కరికి అర నిమిషం మించకూడదు. గట్టిగా కేకలేసేవాడి దగ్గరే అందరూ ఆగిపోతారు, ప్రమాదం తరచూ మాట్లాడనివాడికే.

బక్ రక్తం పలచబడే మాత్రల మీద ఉంటాడు, చిన్న గాయమూ ఆగదు. అది చాలామంది పట్టించుకోని వివరం. అలాంటివాళ్ల గాయాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి, ఆగిందో లేదో అని గుడ్డ ఎత్తి చూడకూడదు. మాత్ర పేరు 108కి చెప్పాలి.

ఎంవీపీ_సుధ
మా వాళ్లు బీచ్ రోడ్డు పక్కనే ఉంటారు కాబట్టి సునామీ భాగంలో ఇంకేం చెప్పాలి?

పెందుర్తి_రావు
మనకీ సీరియల్‌కీ ఉన్న పెద్ద తేడా సమయం. అందులో అల హఠాత్తుగా మీద పడుతుంది. మనకి భయం సుమత్రా, అండమాన్ వైపు నుంచి. 2004 డిసెంబర్ 26న అక్కడ మన టైము ప్రకారం పొద్దున్న ఆరున్నరకి భూకంపం వస్తే, విశాఖ తీరానికి నీరు చేరడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. ఆ రోజు హెచ్చరించే వ్యవస్థ లేదు. 2007 నుంచి హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ కేంద్రం ఆ పని చేస్తోంది. కాబట్టి హెచ్చరిక వస్తే పరుగులు తీసే పని ఉండదు, నడిచి ఎత్తైన చోటికి చేరే వ్యవధి ఉంటుంది. బండ్లు తీసి రోడ్డు బిగించేయకుండా ఉంటే చాలు. మొదటి అలే పెద్దది కానక్కర్లేదు, అలల మధ్య పది నిమిషాలూ ఉండొచ్చు, గంటా ఉండొచ్చు. అధికారులు చెప్పేదాకా కిందకి దిగకూడదు.

బక్ ఫైరింజన్ పైన నిలబడి జనాన్ని లాగడం మాత్రం మంచి పాఠం. తను నీళ్లలోకి దూకకముందు అందించడానికి ఏముందో వెతుక్కోవాలి: కర్ర, తాడు, ఖాళీ డబ్బా. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహంలో చిక్కినవాళ్లకీ ఇదే. చిక్కినవాడు ఒడ్డుకి ఎదురీదకుండా, ఒడ్డు వెంబడే పక్కకి ఈదాలి.

సీతమ్మధార_కె
‘ఎడ్డీ బిగిన్స్’ మనవాళ్లకి బోరుబావి అనే అనిపిస్తుంది, అందుకే జాగ్రత్త. అక్కడ ఎడ్డీ అనే ఫైర్‌మన్ పిల్లాడి కోసం కిందకి దిగుతాడు. మన బోరు ఆరున్నర అంగుళాలు, ఎవరూ దిగలేరు. మూతి చుట్టూ జనం చేరితే మట్టి జారుతుంది, ముందు తాడు కట్టి అందర్నీ వెనక్కి పంపాలి. పైపుతో గాలి, కెమెరా దింపడం, పక్కన సమాంతరంగా గొయ్యి తవ్వి అడ్డంగా చేత్తో తవ్వుకుంటూ వెళ్లడం, అదీ పద్ధతి. జేసీబీ మరీ దగ్గరికి వస్తే అదురుకి పిల్లాడు ఇంకా కిందకి జారతాడు. ఎడ్డీ తన తాడు తానే కోసుకోవడం హీరో పనిలా చూపించారు. దాన్ని మాత్రం ఖండించాలి, తాడు వదిలినవాడు వెతకాల్సిన రెండో మనిషి అవుతాడు.

2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అక్కడే చదివించండి. కేసింగ్ చుట్టూ అర మీటరు చదరంలో 60 సెంటీమీటర్ల సిమెంటు దిమ్మ, అందులో 30 నేల పైన, 30 నేల కింద. కేసింగ్‌కి ఉక్కు మూత. వాడని బోరుని అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. కాలనీలో పాత బోర్లు ఎన్నున్నాయో వాలంటీర్లే లెక్క తీయొచ్చు.

మాధవి_క్యాజువాలిటీ
ల్యాబ్ కథ (‘ల్యాబ్ ర్యాట్స్’) వైద్యం పాఠంగా వద్దు. క్రిమియన్ కాంగో జ్వరం నిజంగా ఉంది, మన దేశంలో 2011లో గుజరాత్‌లో బయటపడింది. కానీ అది గోమార్ల వల్ల, రోగి రక్తం వల్ల వస్తుంది. సీరియల్‌లో గాలిలో పాకేలా మార్చిన రకం అంటారు, అది కల్పన. ఒక్క డోసుతో లేచి కూర్చునే మందు కూడా లేదు. కెప్టెన్ బాబీ చనిపోయే తీరు మాత్రం మనసు పట్టేస్తుంది, కాదనను.

గాజువాక_బ్రాంచిమన్
బాబీ గాలి గొట్టం దెబ్బతిన్నదని ఆలస్యంగా తెలుస్తుంది, ఆ ఒక్క సీన్ ఉంచండి. గాలి సెట్ తొడిగాక సిలిండర్ వాల్వు మూసి గేజీ చూడాలి, నిమిషంలో 10 బార్‌కి మించి పడితే ఎక్కడో లీకు. జతగాడు వెనక గొట్టాలు చూడాలి, ఎవరి వీపు వాళ్లకి కనపడదు.

ల్యాబ్‌కి బదులు 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురం ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ గ్యాస్ లీకైన సంగతి మాట్లాడండి. స్టైరీన్ ఆవిరి గాలి కన్నా మూడున్నర రెట్లకి పైగా బరువు, అందుకే పల్లానికి దిగి నేలకి అంటిపెట్టుకుంటుంది. అలాంటప్పుడు గాలి వీచే దారిలో పరుగెత్తకూడదు, ఆ దారికి అడ్డంగా, ఎత్తుకి పోవాలి. పొగమంటలో నేల మీద పాకమన్నాం, ఇక్కడ నేల మీద పడుకుంటే ప్రాణం పోతుంది. ఈ రెండూ కలిపేసుకోకుండా విడిగా నేర్పండి.

ఎంవీపీ_సుధ
చాలా సాయం చేశారు. ఫోన్ చేసేవాళ్లకి కాల్ సెంటర్‌లో పనిచేసే మ్యాడీ కాల్ సీన్లు వేద్దామా?

సింహాచలం_ఈఎంటీ
తప్పకుండా. ఆమె ముందు ఏమైందని అడుగుతుంది, అక్కడ ఆపి చోటు ముందు చెప్పాలని నేర్పండి. 108కి చెప్పేటప్పుడు ముందు ఇవి: గుడో బడో గుర్తు, ఏ గేటు, ఎన్నో అంతస్తు. తర్వాత ఒక మనిషిని వీధి మొదట్లో నిలబెట్టండి. ఆరుగురు పట్టే లిఫ్టు లోతు సుమారు మీటరు ఉంటుంది, రెండు మీటర్ల దగ్గరుండే స్ట్రెచర్ పడుకోబెట్టి పట్టదు. ‘లిఫ్టు చిన్నది’ అని ఫోన్లోనే చెబితే పైలట్ కుర్చీ స్ట్రెచర్ చేత పట్టుకునే పైకి వస్తాడు.