డబుల్ స్ట్రైక్ మధ్యలో ట్రాంపుల్ ఇస్తే రెండో దెబ్బ ఎవరికి?

మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో ఒక చిక్కు. నిన్న రాత్రి అమలాపురంలో మా అరుగు మీద ఆడుతుంటే వచ్చింది, ఇంకా తెగలేదు.

నా 3/3 (దెబ్బ 3, తట్టుకునే బలం 3) క్రీచర్‌కి డబుల్ స్ట్రైక్ (రెండుసార్లు దెబ్బ కొట్టడం) ఉంది, ట్రాంపుల్ (బ్లాకర్‌ని చంపగా మిగిలిన దెబ్బ ఎదుటి ఆటగాడికి పడటం) లేదు. దాంతో అటాక్ చేశాను. మా బావ మామూలు 2/2తో బ్లాక్ చేశాడు. మొదటి దెబ్బకే అది చచ్చి గ్రేవ్‌యార్డ్‌కి పోయింది. రెండో దెబ్బ పడేలోపు, అదే స్టెప్‌లో, నేను ఒక ఇన్‌స్టంట్ (మధ్యలో అప్పటికప్పుడు వేయగల కార్డు) వేసి టర్న్ అయ్యేదాకా నా క్రీచర్‌కి ట్రాంపుల్ ఇచ్చాను. బావకి మిగిలింది 3 లైఫే. "అడ్డు లేదు, అయిపోయావ్" అన్నాను. "ఒకసారి బ్లాక్ అయ్యాక బ్లాక్ అయినట్టే" అంటాడు, కాజా పాకం అంటిన వేళ్లతో నా కార్డు పట్టుకుని మరీ. స్లీవ్ ఉండబట్టి బతికింది.

కార్డు మీద బ్రాకెట్లో ఉన్న వివరణ చదివాం, తేలలేదు. రూల్స్‌లో 510.1సి చూశాం. బ్లాక్ అయిన అటాకర్ ముందు బ్లాకర్ ఎవరూ మిగలకపోతే అది డ్యామేజ్ ఏమీ చేయదని ఉంది. ట్రాంపుల్ లేకపోతే బావ మాటే రైటు, ఒప్పుకున్నాను.

మరి రెండు దెబ్బల మధ్య ట్రాంపుల్ వస్తే, ఆ 3 డ్యామేజ్ మొత్తం బావకి పడుతుందా, పడదా?