పాత లేసు గుడ్డ: నరసాపురమా, ఐర్లాండా? ఎలా తేల్చుకోవాలి

తిరుపతి_దారపుండ
తిరుపతిలో అమ్మకానికి వచ్చిన టేబుల్ గుడ్డ ఇది. వెడల్పు 76 సెంటీమీటర్లు, మీగడ రంగు నూలు. ఉబ్బెత్తు గులాబీలు, వాటి మధ్య జాలీ, జాలీ మీద చిన్న బుడిపెలు. "ఐర్లాండుది, నూరేళ్లది" అంటున్నారు. నరసాపురం పనిలా కూడా ఉంది. కొనేముందు ఏమేం చూడాలి?

పలమనేరు_అల్లిక
ఊరి సంగతి తర్వాత, ముందు అది ఏ పనో తేల్చండి. పదింతలు చూపించే భూతద్దం చాలు. కొక్కెం సూది పని, అంటే క్రోషే అయితే ప్రతి కుట్టు తల మీదా రెండు దారాలు జడపాయల్లా వరసగా కనిపిస్తాయి. కాజా కుట్టులాంటివే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే అది సూది లేసు. దారాలు చాప అల్లినట్టు ఒకదాని మీదొకటి దాటుతూ, ఉచ్చులే లేకపోతే బాబిన్లతో (దారం చుట్టిన చిన్న కడ్డీలతో) దిండు మీద చేసింది.

అసలైన క్రోషే కుట్టు వేసే మిషన్ లేదు. బజార్లో మిషన్ క్రోషే అని అమ్మేది వేరే అల్లిక, దాని దారాలు పొడవునా నిలువు వరసల్లో పోతాయి. ఇంకొకటి, 1880ల నుంచి వస్తున్న కెమికల్ లేసు. గుడ్డ మీద మిషన్‌తో కుట్టి, ఆ గుడ్డను కరిగించేస్తారు. దాని అంచుల్లో నూగు నూగుగా పోగులు లేచి ఉంటాయి. ఉబ్బెత్తు గులాబీలు చూసి మోసపోయేది ఎక్కువగా దీని దగ్గరే.

చిత్తూరు_జాలీ
క్రోషే అని తేలితే గుడ్డను తిరగేయండి. పాత ఐరిష్ పనిలో పువ్వులు, ఆకులు విడివిడిగా చేస్తారు. చాలావాటిలో లావు దారాన్ని లోపల పెట్టి దాని చుట్టూ కుట్లు వేస్తారు. రేకు అంచును రెండు వేళ్ల మధ్య నలిపితే ఆ దారం గట్టిగా తగులుతుంది. తర్వాత పువ్వుల్ని నమూనా మీద టాకాలు వేసి, ఖాళీలను జాలీతో నింపుతారు. అందుకే జాలీ ఒక వరసలో పోదు, పువ్వు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. 1840ల కరువు రోజుల్లో కూడు పెట్టిన పని అది. ఐర్లాండులోని క్లోన్స్ అనే ఊరి పనికి గుర్తు జాలీలో గుండ్రటి ముడులు.

మధ్య గులాబీతో మొదలై చుట్టూ జాలీగా సాగి చదరంగా ముగిసి, అలాంటి చదరాలన్నీ పక్కపక్కన అతికి ఉంటే, అది ఐరిష్ నమూనాను సులువు చేసిన పని. ఏ దేశంలోనైనా చేసి ఉండొచ్చు.

గోదారి_లేసు
అన్నగారు చెప్పింది నిజమే, కానీ విడి పువ్వులున్నంత మాత్రాన ఐర్లాండు అనుకోవద్దు. నరసాపురం ప్రాంతానికి ఈ పని 1844లో మిషనరీలైన మెక్రే దంపతులతో వచ్చిందంటారు. ఎగుమతి ఆర్డరుకు ఏ నమూనా వస్తే అది అల్లి ఇవ్వడమే అక్కడి పని. కాబట్టి డిజైన్ ఊరు చెప్పదు.

అతుకులు చూడండి. నరసాపురంలో పువ్వులు ఒకరు చేస్తే అతుకు పని ఇంకొకరు చేస్తారు. బిగువు తేడా అక్కడ తెలిసిపోతుంది. పువ్వు బిగుతుగా ఉండి అతుకు వదులుగా ఉంటే పని చేతులు మారినట్టే. ఇది ఒక ఆధారం మాత్రమే, రుజువు కాదు.

నాగర్‌కోవిల్ పేరు కూడా చెబుతారు. తమిళనాడులోని ఆ ఊరి పాత మిషనరీ లేసు ప్రసిద్ధి దిండు మీద బాబిన్లతో చేసిన దానికి. మీరు చెప్పిన గులాబీలతో దానికి సంబంధం లేదు.

పలమనేరు_అల్లిక
ఒక జాగ్రత్త. ఆర్కాట్ మిషన్ అనే అమెరికన్ క్రైస్తవ సంస్థ చిత్తూరు, మదనపల్లె, పలమనేరుల్లో పనిచేసింది కదా, అందుకని ఇక్కడ దొరికిన ప్రతి లేసూ ఆ మిషనరీల బడిదే అనేస్తుంటారు. దొరికిన చోటు, చేసిన చోటు ఒకటి కానక్కర్లేదు.

చిత్తూరు_జాలీ
వయసుకు దారం చూడండి. పట్టులా మెరిసే నూలైతే 1890కి ముందుది కాదు. నూలును కాస్టిక్ సోడాలో ముంచే మెర్సర్ పద్ధతి 1840ల నాటిదే అయినా, దారాన్ని సాగదీసి పట్టి ఆ మెరుపు తెప్పించడం 1890 దగ్గరే మొదలైంది.

నోట్లు పరీక్షించే నీలి దీపం కింద చూస్తే 1940ల తర్వాతి తెలుపు మందులు మెరుస్తాయి. కానీ ఇప్పటి సబ్బుపొడితో ఒక్కసారి ఉతికినా పాత దారం కూడా మెరుస్తుంది, కాబట్టి మెరిసిందని కొత్తది అనేయొద్దు. వేలాడే కొస అర సెంటీమీటరు కాల్చి చూడొచ్చు. కాగితం వాసన, బూడిద వస్తే నూలు లేదా అలాంటి మొక్కల నార. గట్టి పూసలా ముద్ద కడితే పాలియెస్టర్.

రంగును మాత్రం నమ్మొద్దు. టీ నీళ్లలో ముంచితే గుడ్డంతా ఒకే ఛాయ వస్తుంది. ఏళ్లు పడితే మడతల దగ్గర ముదురుగా, మిగతా చోట లేతగా ఉంటుంది.

తిరుపతి_దారపుండ
అందరికీ నమస్కారం, అన్నీ చూశాను. కుట్ల మీద జడపాయలున్నాయి. గులాబీ నుంచి జాలీ నేరుగా సాగుతోంది, చదరాలు అతికి ఉన్నాయి. రేకుల్లో లావు దారం లేదు. దారానికి మెరుపుంది. మడతల్లో ముదురు చారలు.

గోదారి_లేసు
అయితే "ఐర్లాండు" అన్న మాటకు అదనంగా డబ్బు పెట్టొద్దక్కా. చేతి క్రోషే, 1890 తర్వాతిది, అంతవరకు గట్టిగా చెప్పొచ్చు.

కొంటే బ్లీచింగ్ దగ్గరికి పోనివ్వొద్దు, నూలు పొడిపొడి అవుతుంది. వలగుడ్డ మీద పరిచి, ఆర్‌వో నీళ్లలో గంటసేపు నానబెట్టి, పసుపు దిగేదాకా నీళ్లు మార్చండి. తడిగా ఉన్నప్పుడు అంచు పట్టుకుని ఎత్తొద్దు, బరువుకు అతుకులు తెగుతాయి. వలతో సహా ఎత్తి నీడలో ఆరేయండి.