సోఫియాకు ఐదు రోజులు ఎక్కువా? చేతిలో ఉన్నది రెండు వందల యూరోలు

ఎల్బే తీరం:

అందరికీ నమస్కారం. నేను జర్మనీలో మాగ్డెబుర్గ్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. మార్చిలో పరీక్షలు అయిపోయాక ఐదు రోజులు ఎక్కడికైనా వెళ్లి రావాలని ఉంది. నాతో చదివేవాళ్లంతా ప్రాగ్, బుడాపెస్ట్ అంటున్నారు. నాకు బెర్లిన్ నుంచి బల్గేరియా రాజధాని సోఫియాకు టికెట్ బాగా చవకగా కనిపించింది, కొనేశాను. ఆ మాట చెప్పినప్పటి నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు: "అక్కడ ఏముంది? ఒక పూట తిరిగితే అయిపోతుంది, మిగతా రోజులు ఏం చేస్తావు?"

టికెట్ పోను రెండు వందల యూరోలు ఉన్నాయి. బస, తిండి, తిరగడం, టికెట్లు అన్నీ అందులోనే జరగాలి. హాస్టల్లో ఒకే గదిలో పదిమందితో ఉండటానికి ఇబ్బంది లేదు. ఎంత దూరమైనా నడుస్తాను. మాంసం, చేపలు తినను. ఒక్కదాన్నే వెళ్తున్నాను కాబట్టి ఇంట్లో కొంచెం భయపడుతున్నారు. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ సరిపోతుందా, వేరే వీసా కావాలా? రిలా మఠం తప్పకుండా చూడాలని ఒకరు, పెట్టిన డబ్బుకు అది దండగని ఇంకొకరు అన్నారు. అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా చెబితే మేలు చేసినవారవుతారు.

బాటసారి:

ముందు వీసా సంగతి. 2025 జనవరి 1 నుంచి బల్గేరియా పూర్తిగా షెంగెన్‌లో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమిలో, ఉంది. మీ పాస్‌పోర్టు, జర్మనీ పర్మిట్ ఉంటే చాలు. 2026 జనవరి 1 నుంచి అక్కడ డబ్బు కూడా యూరోయే. అక్కడి పాత డబ్బు లెవాలు ఎక్కడ మార్చుకోవాలో చెప్పే పాత వ్యాసాలను పక్కన పెట్టేయండి.

ఉద్యోగం కోసం నేను ఆ ఊళ్లో కొన్నేళ్లు ఉన్నాను. "ఒక పూట చాలు" అనే మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది. అలా అనేవాళ్లు అలెగ్జాండర్ నెవ్‌స్కీ చర్చి ముందు ఫొటో దిగి, విటోషా వీధిలో కాఫీ తాగి, మర్నాడు పొద్దున్నే రిలా బస్సు ఎక్కేసి ఉంటారు. సోఫియా గొప్పతనమంతా మెట్రో మెట్ల పక్కన, ప్రభుత్వ కార్యాలయాల వెనక ప్రాంగణాల్లో, నడిచే దారి కంటే ఒక అంతస్తు కింద ఉంటుంది. అందులో చాలావాటికి టికెట్టే లేదు. చేతిలో డబ్బు తక్కువగా ఉండి కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి రాజధాని యూరప్‌లో నాకు కనబడలేదు.

విమానాశ్రయం రెండో టెర్మినల్ దగ్గరే మెట్రో ఉంది. ఒకటో టెర్మినల్లో దిగితే అక్కడికి ఉచిత బస్సు ఉంటుంది. గేటు దగ్గర మీ బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు, ఛార్జీ ఒక యూరో లోపే. టాక్సీ జోలికి పోకండి. సెర్దికా స్టేషన్‌లో దిగండి. సంచి భుజానే ఉండనివ్వండి, ఎందుకంటే చూడాల్సింది అక్కడే మొదలవుతుంది. మెట్రో రెండో మార్గం కోసం తవ్వుతుంటే రోమన్ల నాటి సెర్దికా నగరం బయటపడింది. వీధుల రాతి పరుపు, ఇళ్ల పునాదులు, మురుగు కాలువలు, నేల మీద మొజాయిక్‌లు. వాటిని ఉన్నచోటే ఉంచి, వాటి నడుమ నుంచే దారి వేశారు. ఆఫీసులకు వెళ్లేవాళ్లు రోజూ ఆ గోడలను ఆనుకునే నడుస్తారు. రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవులకు మతస్వేచ్ఛ ఇచ్చిన మిలాన్ శాసనం గురించి మనం చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం. దానికి రెండేళ్ల ముందే, 311లో, క్రైస్తవులను హింసించడం ఆపమని గలేరియస్ చక్రవర్తి శాసనం ఇచ్చింది ఈ ఊళ్లోనే. ఆ రాళ్ల మధ్య అరగంట ఊరికే తిరగండి. ఎవరూ ఏమీ అడగరు.

పైకి వచ్చాక అధ్యక్ష భవనం వెనక ప్రాంగణంలోకి వెళ్లండి. పల్లంలో ఎర్ర ఇటుకల గుండ్రటి చర్చి ఉంటుంది, పేరు సెయింట్ జార్జ్. నాలుగో శతాబ్దానిది, ఊళ్లో నిలిచి ఉన్న కట్టడాలన్నిటిలోకీ పాతది. చుట్టూ కమ్యూనిస్టుల కాలంలో కట్టిన బరువైన రాతి భవనాలు. లోపల తలెత్తి చూస్తే గోపురంలో వేర్వేరు శతాబ్దాల చిత్రాలు పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఒట్టోమన్ తురుష్కుల కాలంలో దాన్ని మసీదుగా మార్చినప్పుడు వాటిని కప్పేశారు, ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ బయటికి తీశారు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన చోటు. సెర్దికా స్టేషన్ చుట్టూ కొద్ది నిమిషాల నడకలో ఆర్థడాక్స్ క్రైస్తవుల స్వేతా నెదెల్యా చర్చి, పదహారో శతాబ్దపు బాన్యా బాషీ మసీదు, క్యాథలిక్ చర్చి, 1909లో తెరిచిన యూదుల ప్రార్థనా మందిరం సినగాగ్ ఉన్నాయి. పర్యాటక కరపత్రాలు దీన్ని మతసామరస్యం అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అంత తేలిగ్గా దాటిపోకండి. 1943లో బల్గేరియా యూదులను, దాదాపు యాభై వేల మందిని, నాజీల శిబిరాలకు పంపడానికి అంతా సిద్ధమైంది. ఆర్థడాక్స్ మతాధికారులు, పార్లమెంటు ఉపాధ్యక్షుడు దిమితర్ పెషెవ్, మామూలు జనం ఎదురుతిరిగారు. రైళ్లు ఆగిపోయాయి. కానీ అప్పట్లో బల్గేరియా ఆక్రమణలో ఉన్న థ్రేస్, మాసిడోనియా ప్రాంతాల నుంచి పదకొండు వేలకు పైగా యూదులను పంపేశారు, వాళ్లలో దాదాపు ఎవరూ తిరిగి రాలేదు. ఈ రెండు సంగతులూ తెలుసుకుని ఆ సినగాగ్‌లోకి వెళ్లండి. లోపలి పెద్ద దీపాల గుత్తి కింద నిలబడి చూడటానికి ఇచ్చే కొద్దిపాటి రుసుము దండగ కాదు.

మసీదు వెనక పసుపు, ఎరుపు చారల అందమైన భవనం ఒకటి ఉంది. ఒకప్పటి స్నానశాల, ఇప్పుడు నగర చరిత్ర మ్యూజియం. దాని పక్కన ఊటనీటి కుళాయిలు ఉంటాయి. నేల లోపలి నుంచి వేడి నీళ్లు వస్తాయి. పెద్దవాళ్లు డబ్బాలు తెచ్చి నింపుకుంటూ ఉంటారు. మీ సీసా కూడా అక్కడే నింపుకోండి.

నెవ్‌స్కీ చర్చి చూడవద్దని నేను అనను. ఒట్టోమన్లతో జరిగిన 1877-78 యుద్ధంలో చనిపోయిన రష్యా సైనికుల స్మారకంగా కట్టారు, ప్రవేశం ఉచితం, లోపలి చీకటీ ఎత్తూ మనసులో ఉండిపోతాయి. అయితే దాని పక్కనే ఆడంబరం లేని ఇటుక చర్చి ఒకటి ఉంటుంది, చాలామంది దానివైపు వీపు పెట్టి నెవ్‌స్కీని ఫొటో తీసుకుంటారు. అది ఆరో శతాబ్దపు సెయింట్ సోఫియా. ఊరికి పేరు వచ్చింది దాని నుంచే. దానికి గంటగోపురం లేదు, గంటను చెట్టుకు వేలాడదీశారు. కింద నేలమాళిగలో రోమన్ల కాలపు సమాధులు ఉన్నాయి.

ఒక్క చోటే టికెట్ కొనగలను అంటే మాత్రం బొయానా చర్చికి కొనండి. ఊరి దక్షిణ అంచున, విటోషా కొండ అడుగున ఉంటుంది. హ్లాదిల్నికా బస్టాండు నుంచి 64 నంబరు బస్సు వెళ్తుంది. చాలా చిన్న చర్చి. లోపలికి కొద్దిమందినే, పది నిమిషాలే పంపుతారు, ఫొటోలు తీయనివ్వరు. 1259లో వేసిన చిత్రాలు. దాతలైన కలోయాన్, ఆయన భార్య దెసిస్లావా బొమ్మల ముందు ఆగండి. ఆమె ముఖంలో భావం, బట్టల మీది నగిషీ చూస్తే ఏడున్నర శతాబ్దాల నాటి మనిషి ఎదురుగా నిలబడినట్టే ఉంటుంది. క్రీస్తు చివరి విందు చిత్రంలో బల్ల మీద రొట్టె, వెల్లుల్లి, ముల్లంగి ఉంటాయి, ఆ ప్రాంతపు రైతులు తినేవే. ఇటలీలో పేరుమోసిన చిత్రకారుడు జొట్టో పుట్టక ముందే ఇలాంటి ముఖాలు గీశారు ఇక్కడ. 1979లో యునెస్కో జాబితాలో చేర్చారు.

మంచుకొండ:

బాటసారి గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను కానీ రిలాను ఇంత చిన్నచూపు చూడటం బాధ కలిగించింది. పదో శతాబ్దంలో ఇవాన్ రిల్‌స్కీ అనే సన్యాసి పేరు మీద వెలసిన మఠం అది. 1833లో కాలిపోతే దేశం నలుమూలల నుంచీ జనం చందాలు వేసుకుని మళ్లీ కట్టుకున్నారు. పరాయి పాలనలో ఉన్న రోజుల్లో భాషనూ రాతనూ కాపాడిన చోటని బల్గేరియన్లు దాన్ని ప్రాణంగా చూసుకుంటారు. నలుపు తెలుపు చారల కమానుల మధ్య ఆ ప్రాంగణంలో నిలబడటానికి పైసా అక్కర్లేదు. మ్యూజియం టికెట్ కొంటే రఫాయిల్ అనే సన్యాసి పన్నెండేళ్లకు పైగా చెక్కిన చెక్క శిలువ చూడవచ్చు. దాని మీద వేలెడంత కూడా లేని బొమ్మలు ఆరు వందలకు పైగా ఉన్నాయి. 1802లో పూర్తి చేసేసరికి ఆయన చూపు పోయింది. ఐదు రోజులు చేతిలో పెట్టుకుని దాన్ని వదిలేసి రాకండి.

సత్తుపల్లి అమ్మాయి:

నేను బల్గేరియాలో వైద్యం చదువుతున్నాను అక్కా, తిండి గురించి నేను చెబుతాను. మీరు వచ్చేది మంచి సమయం. మార్చిలో ఆర్థడాక్స్ వాళ్ల ఉపవాసాలు నడుస్తుంటాయి. "పోస్ట్‌నో" అని రాసి ఉంటే అందులో మాంసం, పాలు, గుడ్లు ఏవీ ఉండవు. చిక్కుడు గింజల పులుసు బోబ్ చోర్బా చాలాచోట్ల మాంసం లేకుండా దొరుకుతుంది, అయినా "బెజ్ మెసో" (మాంసం లేకుండా) అని అడిగి నిర్ధారించుకోండి. పొద్దున బేకరీలో వేడివేడి బానిత్సా తినండి. పలచటి పొరల మధ్య తెల్ల జున్ను పెట్టి కాలుస్తారు, రెండు యూరోల లోపే వస్తుంది, మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. తరతోర్ అనే చల్లటి పులుసు ఉంది, మన దోసకాయ పెరుగు పచ్చడిని పలచన చేసి వెల్లుల్లి, అక్రోటు వేసినట్టు ఉంటుంది. వేసవిలో ఎక్కువ చేస్తారు, మార్చిలో దొరికితే మీ అదృష్టం.

పెరుగు మాత్రం ఎక్కడైనా ఉంటుంది. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవిని 1905లో కనిపెట్టింది స్తామెన్ గ్రిగోరోవ్ అనే బల్గేరియా వైద్యుడే. దుకాణంలో "కిసెలో మ్ల్యాకో" అడగండి. నేను ప్రయాణాల్లో హాస్టల్ వంటగదిలో అన్నం వండుకుని ఆ పెరుగుతోనే కడుపు నింపుకుంటాను. పచ్చళ్ల సీసా ఒకటి తెచ్చుకోండి. కూరగాయలు, పండ్లు, తేనె జెన్‌స్కీ పజార్ అనే వీధి సంతలో కొనండి, సెర్దికా నుంచి నడిచే దూరమే.

భద్రత గురించి అమ్మానాన్నలకు ధైర్యం చెప్పండి. రాత్రి తొమ్మిది, పది దాకా నడిబొడ్డున ఒక్కదాన్నే తిరుగుతాను. ట్రాముల్లో జేబు, సంచి చూసుకోవాలి, ఏ పెద్ద ఊళ్లోనైనా అంతే. ఇంకొకటి, వాళ్లు అవును అనడానికి తల అడ్డంగా ఊపుతారు, కాదు అనడానికి పైకీ కిందికీ. విదేశీయులతో మాట్లాడేటప్పుడు కొందరు మార్చి ఊపుతారు కాబట్టి తలను నమ్మకుండా "దా" (అవును), "నే" (కాదు) అనే మాటలే వినండి. బల్గేరియన్ భాష రాసే సిరిలిక్ అక్షరాలు విమానంలో కూర్చుని నేర్చుకోండి, స్టేషన్ల పేర్లు చదువుకోగలిగితే సగం భయం పోతుంది.

మార్చి 1న అందరూ ఒకరికొకరు ఎరుపు, తెలుపు దారాలు కట్టుకుంటారు, మార్తెనిత్సా అంటారు. కొంగనో పూత పూసిన చెట్టునో చూసేదాకా ఉంచుకుని, తర్వాత ఆ చెట్టుకే కట్టేస్తారు. ఎవరైనా మీ చేతికి కడితే కాదనకండి.

ఎల్బే తీరం:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో వాళ్లకు చదివి వినిపించాను, అమ్మ కాస్త కుదుటపడింది. ఇంకో రెండు సందేహాలు. విటోషా కొండ శిఖరం దాకా వెళ్లవచ్చా? నేను శుక్రవారం దిగి మంగళవారం తిరిగి వెళ్తాను, ఏ రోజు ఏది పెట్టుకోవాలి? డబ్బు నిజంగా సరిపోతుందా?

బాటసారి:

మంచుకొండ గారూ, రిలా మీద నాకు చిన్నచూపు లేదు. సోఫియాను వదిలేసి రిలాకు పరుగెత్తడం మీదే నా అభ్యంతరం. ఐదు రోజులు ఉన్నాయి కాబట్టి ఆమె ఒక రోజు తప్పకుండా వెళ్లాలి. దూరం దాదాపు 120 కిలోమీటర్లు. ఒవ్చా కుపెల్ బస్టాండు నుంచి పొద్దున మామూలు బస్సు ఒకటి ఉంటుంది, అదే మధ్యాహ్నం తిరిగి వస్తుంది. వేళలు ముందురోజు హాస్టల్లో అడిగి రాసుకోండి, ఆ బస్సు తప్పితే ఆ రోజు పోయినట్టే.

విటోషా శిఖరం చెర్ని వ్రహ్ ఎత్తు 2290 మీటర్లు. మార్చిలో అక్కడ మంచు గట్టిగా ఉంటుంది, మబ్బు కమ్మితే దారి కనబడదు. తగిన బూట్లు, తోడు లేకుండా ఒంటరిగా వెళ్లవద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. బొయానా వెళ్లిన రోజే చర్చి పైన అడవిలో కింది దారుల్లో నడవండి. అక్కడి నుంచే ఊరంతా కనిపిస్తుంది. అక్కడి జలపాతానికి వెళ్లే దారి జారుతున్నట్టు అనిపిస్తే వెనక్కి వచ్చేయండి.

సినగాగ్‌లోకి శనివారం సందర్శకులను రానివ్వరు, కాబట్టి అది శుక్రవారం దిగగానే గానీ సోమవారం గానీ పెట్టుకోండి. పాస్‌పోర్టు వెంట ఉండాలి, తనిఖీ ఉంటుంది. ఆదివారం పొద్దున నెవ్‌స్కీకి వెళ్తే ప్రార్థన, బృందగానం వినవచ్చు. రిలాకు శనివారం పెట్టుకోండి, బొయానాకు సోమవారం. మంగళవారం విమానానికి ముందు సమయం మిగిలితే సోషలిస్టు కళల మ్యూజియం చూడండి. ఒకప్పటి కమ్యూనిస్టు పార్టీ కార్యాలయం మీద నుంచి దించిన ఎర్ర నక్షత్రం, లెనిన్ విగ్రహం అక్కడే ఉన్నాయి.

డబ్బు లెక్క: హాస్టల్లో పడక రాత్రికి పదహారు చొప్పున నాలుగు రాత్రులకు 64. తిండికి రోజుకు పదిహేను చొప్పున 75, మీరు వండుకుంటే ఇంకా తగ్గుతుంది. మెట్రో, ట్రాములకు పది. బొయానా, సినగాగ్, సోఫియా చర్చి నేలమాళిగ కలిపి ఇరవై అనుకోండి. 169 అయింది. మిగిలిన ముప్పై ఒకటి రిలాకు. విద్యార్థి గుర్తింపు కార్డు జేబులోనే ఉంచుకోండి, మ్యూజియాల్లో అడక్కుండా తగ్గింపు ఇవ్వరు.