‘ది బ్యాట్‌మన్’ (2022) మరీ చీకటిగా ఉందా, మన టీవీలదే తప్పా? (కథ మొత్తం చర్చలో ఉంది, చూడనివాళ్లు ఆగండి)

పెన్నాతీరం:
మ్యాట్ రీవ్స్ తీసిన ఈ సినిమా మీద ఫ్యాన్స్ రెండుగా చీలిపోయారు. బ్యాట్‌మన్‌ని నిజంగా డిటెక్టివ్‌లా చూపించారని కొందరు నెత్తిన పెట్టుకుంటున్నారు. 176 నిమిషాలు చీకట్లో వాన చూడటమే సరిపోయిందని ఇంకొందరు విసుక్కుంటున్నారు. ఇంట్లో చూసినవాళ్ల నోట ఈ రెండో మాటే ఎక్కువ వినిపిస్తోంది.

నాది 55 అంగుళాల మామూలు ఎల్‌ఈడీ టీవీ, 4కే హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాని ఎక్కువగా చూపించే పద్ధతి) అని డబ్బా మీద ఉంది. మేయర్ హత్య జరిగిన గదిలో బ్యాట్‌మన్ సూటూ వెనకాల గోడా కలిసి ఒకటే నల్లముద్దలా కనిపిస్తున్నాయి. బ్రైట్‌నెస్ పెంచితే నలుపంతా బూడిదరంగుకు తిరుగుతోంది. సినిమానే ఇలా తీశారా, టీవీలో సరిచేసుకోవచ్చా? ఇంకో సంగతి, విలన్ రిడ్లర్ శవాల దగ్గర వదిలే పొడుపుకథల్ని తెలుగులో చెప్పుకుని చూస్తే ఒక్కదానికీ తల, తోక దొరకడం లేదు. ఎందుకు?

నలుపుతెలుపు:
బూడిదరంగు వచ్చిందంటే మీరు మార్చాల్సింది అది కాదండి. చాలా టీవీల్లో ‘బ్రైట్‌నెస్’ అంటే వెలుతురు కాదు, నలుపు ఎక్కడ మొదలవ్వాలన్నది. దాన్ని కంపెనీ పెట్టిన చోటే వదిలేయండి. వెలుతురు కావాలంటే పెంచాల్సింది ‘బ్యాక్‌లైట్’. హెచ్‌డీఆర్ నడుస్తున్నప్పుడు అది పూర్తిగా పైకి ఉండాలి.

ముందు సినిమా ప్లే చేసి, అది నడుస్తుండగానే సెట్టింగ్స్ తెరవండి. మామూలు వీడియోకి ఒక లెక్క, హెచ్‌డీఆర్‌కి ఇంకో లెక్క టీవీ విడివిడిగా దాచుకుంటుంది. కేబుల్ ఛానల్ చూస్తూ మార్చినవి సినిమా పెట్టగానే పనిచేయకపోవడానికి కారణం ఇదే. తర్వాత పవర్ సేవింగ్ తీసేయండి. చాలా ఇళ్లలో దొంగ అదే, బ్యాక్‌లైట్‌ని బాగా కోసేస్తుంది. గది వెలుతురుని బట్టి తెరని మార్చే సెన్సర్ ఉంటే అదీ ఆపండి. పిక్చర్ మోడ్ ‘ఫిల్మ్‌మేకర్’ గానీ ‘సినిమా’ గానీ పెట్టండి. డాల్బీ విజన్ (హెచ్‌డీఆర్‌లోనే ఒక రకం) వస్తుంటే ‘డార్క్’, ‘బ్రైట్’ అని రెండు కనిపిస్తాయి. పగలు కర్టెన్లు తీసి చూసేవాళ్లు మొహమాటపడకుండా బ్రైట్ పెట్టుకోవచ్చు.

సూటు, గోడ కలిసిపోవడానికి వేరే కారణం కూడా ఉంటుంది. నలుపు నుంచి తెలుపు దాకా అంకెల్లో కొలుస్తారు. స్ట్రీమింగ్ బాక్సు 0 నుంచి 255 వరకు సిగ్నల్ పంపుతోంది, టీవీ మాత్రం 16 నుంచి 235 వరకే వస్తుందనుకుంటోంది అనుకోండి. అప్పుడు 16 కింద ఉన్న నీడలన్నీ తారు పూసినట్టు ఒకే నలుపైపోతాయి. బాక్సులో, టీవీలో రెండు చోట్లా ‘లిమిటెడ్’ (16 నుంచి 235) పెట్టండి, లేదా రెండు చోట్లా ‘ఆటో’. లోకల్ డిమ్మింగ్ (తెరని జోన్లుగా విడగొట్టి, చీకటి ఉన్న చోట బ్యాక్‌లైట్ తగ్గించేది) ఉంటే ‘హై’ నుంచి ‘మీడియం’కి దించండి. తక్కువ జోన్లున్న సెట్లు నీడలో ఉన్న వివరాన్ని కూడా ఆర్పేస్తాయి.

ఇవన్నీ చేసినా మసకగానే ఉంటే తెరకి హెచ్‌డీఆర్ మోసే సత్తా లేదనే అర్థం. 300 నిట్స్ (తెర వెలుతురుకి కొలత) దాటని తెర మీద హెచ్‌డీఆర్ మామూలు బొమ్మకంటే మసకగా పడుతుంది. బాక్సులో అవుట్‌పుట్‌ని ఎస్‌డీఆర్‌కి, అంటే మామూలు బొమ్మకి మార్చి చూడండి, ఇలాంటి సెట్లలో అదే నయం.

సరిచూసుకోవడానికి మొదట్లో వచ్చే రైల్వే స్టేషన్ ఫైట్ వాడకండి. అక్కడ చీకట్లోంచి ముందు బూట్ల చప్పుడే రావాలి, మనిషి కనపడకూడదు. మీరన్న మేయర్ గదే మంచి పరీక్ష. టార్చిలైట్లు అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు సూటు ఛాతీ పలకల అంచులు గోడ నుంచి విడిపడి కనిపించాలి.

వానచుక్క:
పై జవాబుకి ఒకటి కలుపుతాను. నాయిస్ రిడక్షన్ కూడా ఆపేయండి. ఈ సినిమాలో అది చేసే పాడు అంతా ఇంతా కాదు.

కెమెరామన్ గ్రెగ్ ఫ్రేజర్ దీన్ని అలెక్సా ఎల్‌ఎఫ్ డిజిటల్ కెమెరాతో, అనమార్ఫిక్ (వెడల్పాటి బొమ్మని పక్కలనుంచి నొక్కి పట్టే) లెన్సులతో తీశారు. తీసిన బొమ్మని ఫిల్మ్ నెగటివ్ మీదికి ముద్రించి, ఆ ఫిల్మ్‌ని మళ్లీ స్కాన్ చేశారు. నీడల్లో సన్నగా కదిలే ఇసుక లాంటి గ్రెయిన్ అలా వచ్చిందే. దాన్ని చెత్త అనుకుని టీవీ తుడిచేస్తే మిగిలేది చదునైన మరక. మోషన్ స్మూతింగ్ (కదలికని టీవీ నున్నగా చేసేది) ఉంటే వాన చినుకులు కూడా సీరియల్‌లో వానలా అయిపోతాయి, అదీ తీసేయండి.

ఇక సినిమానే ఇలా తీశారా అంటే, అవును, పట్టుబట్టి తీశారు. వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో ప్రతి షాట్‌లో వేలుపెట్టి చూపించొచ్చు: వీధిదీపం నారింజరంగు, నియాన్ బోర్డు, తుపాకీ మంట. క్లబ్బులో కరెంటు పోయాక వచ్చే వరండా ఫైట్‌లో వెలుగు తుపాకీ పేలినప్పుడు మాత్రమే. కాల్చేవాడే తనని కొట్టబోయేవాడికి దీపం పడుతున్నాడు. పెంగ్విన్ అనే గూండా కారు బోల్తా పడ్డాక అతని కళ్లతో తలకిందులుగా చూస్తాం కదా, వెనక మంట, ముందు నల్లటి ఆకారం, అడుగులో అడుగు. అక్కడ మొహం కనిపించేలా లైటు కొట్టి ఉంటే ఆ భయం పుట్టేదే కాదు.

బ్యాట్ సిగ్నల్ ఉన్న సగం కట్టిన భవనం మీద సీన్లలో వెనకాల ఆకాశం గ్రీన్‌స్క్రీన్ (తర్వాత కంప్యూటర్‌లో బొమ్మ అతికించే పచ్చ తెర) కాదు, ఆకాశం బొమ్మ వెలిగే ఎల్‌ఈడీ గోడ. ఆ వెలుతురే సూటు మీద నిజంగా పడుతుంది. సాయంత్రం షాట్‌లో భుజం అంచు చూడండి, తెలిసిపోతుంది.

చిక్కుముడి:
పొడుపుకథల సంగతి నేను చెప్తాను. అవి ఇంగ్లీషు శబ్దాల మీద నిలబడ్డవి, అందుకే తెలుగులోకి రావు.

మొదటి కార్డు: అబద్ధాలకోరు చచ్చాక ఏం చేస్తాడు? జవాబు ‘హీ లైస్ స్టిల్’. ‘లై’ అంటే అబద్ధమాడటం, పడి ఉండటం కూడా. ‘స్టిల్’ అంటే ఇంకా, కదలకుండా. కాబట్టి ఒకే వాక్యం ‘ఇంకా అబద్ధమాడుతూనే ఉంటాడు’ అనీ అవుతుంది, ‘కదలకుండా పడి ఉంటాడు’ అనీ అవుతుంది. ఆ జవాబులోని అక్షరాలతో కార్డుతో వచ్చిన సంకేతలిపి విప్పితే ‘డ్రైవ్’ అని వస్తుంది. మేయర్ కార్లో దొరికేది యూఎస్‌బీ డ్రైవ్, దానికి తగిలించి ఉన్నది ఆయన తెగిన బొటనవేలు. ఇంగ్లీషులో దాన్ని ‘థంబ్ డ్రైవ్’ అంటారు కదా, రిడ్లర్ మాటని మాటగానే అమలుచేశాడు.

అన్నిటికంటే గట్టిది ‘యూ ఆర్ ఎల్ రాటా అలాడా’ అన్న సందేశం. ‘రాటా అలాడా’ అంటే స్పానిష్‌లో రెక్కల ఎలుక. ఇంగ్లీషు వాడుకలో ఎలుకంటే పోలీసులకి ఉప్పందించేవాడు. మనవాళ్లకి గబ్బిలమే తడుతుంది, బ్యాట్‌మన్ పెంగ్విన్‌ని అనుమానిస్తాడు. అసలు ఎలుక మాఫియా నాయకుడు ఫాల్కోన్, ఆ పేరులోనే ఫాల్కన్, అంటే డేగ ఉంది. మరి స్పానిష్ వ్యాకరణం ప్రకారం ‘లా రాటా’ అనాలి, ‘ఎల్’ తప్పు. ఆ తప్పుని ఎత్తి చూపించేది డిటెక్టివ్‌లు కాదు, కట్టేసి ఉన్న పెంగ్విన్. సందేశంలో మొదటి మూడు మాటలు ‘యూ ఆర్ ఎల్’ అని పైకి అంటే ‘యూఆర్‌ఎల్’, అంటే వెబ్ చిరునామా. ఇంగ్లీషు ఆడియో, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రెండూ పెట్టుకుని చూడండి. ఈ సినిమాకి అది తప్పనిసరి.

రాత్రిషో:
చీకటి గురించి గొడవ లేదు. నిడివి గురించి మాత్రం నేను ఒప్పుకోను. కాఫీ నురగ మీద ప్రశ్నార్థకం గీసి రిడ్లర్ హోటల్లో నింపాదిగా లొంగిపోయాడు, కేసు అక్కడితో అయిపోయింది. తర్వాత ఏడు వ్యాన్లు పేలడం, సముద్రపు గోడ తెగడం, వరద, పైకప్పు దగ్గర తుపాకులు. అప్పటిదాకా సన్నగా అల్లుకుంటూ వచ్చిన సినిమా ఒక్కసారిగా మామూలు సూపర్‌హీరో క్లైమాక్స్ అయిపోయింది. చాలామంది ఫ్యాన్స్ ఫిర్యాదు ఇదే, అది టీవీ సెట్టింగ్‌తో పోదు.

వానచుక్క:
రాత్రిషో గారూ, వరద సీన్ సాగిందని నేనూ ఒప్పుకుంటాను. కానీ తీసేయడానికి వీల్లేదు. మొదటి ఫైట్‌లో తను కాపాడిన మనిషే ‘నన్ను కొట్టొద్దు’ అని బ్యాట్‌మన్‌ని చూసి వణికిపోతాడు. ‘నేను ప్రతీకారాన్ని’ అని తను అన్న మాటనే చివర్లో రిడ్లర్ మనిషి ముసుగు తీశాక అంటాడు. అది విన్నప్పుడు బ్యాట్‌మన్ కళ్లు చూడండి, రెండేళ్లు తను చేసిన పని ఎవరికి దారి చూపించిందో అక్కడ అర్థమవుతుంది. తర్వాత కరెంటు తీగ తెంపి నీళ్లలో పడి, లేచి ఎర్రటి ఫ్లేర్ వెలిగిస్తాడు. చెయ్యి చాపితే ముందు వచ్చేది తండ్రిని పోగొట్టుకున్న మేయర్ కొడుకు. పైనుంచి తీసిన షాట్‌లో నల్లటి నీళ్ల మధ్య ఆ ఎర్ర వెలుగు వెంట జనం నడుస్తారు. రెండున్నర గంటల చీకటి ఆ ఒక్క వెలుగు కోసమే. అందుకే తెర సరిచేసుకుని చూడమని ఇంతగా చెప్తున్నాం.

నలుపుతెలుపు:
సౌండ్ గురించి ఎవరూ రాయలేదు. బ్యాట్‌మన్‌గా చేసిన రాబర్ట్ పాటిన్సన్ దాదాపు గుసగుసలోనే మాట్లాడతాడు, వెంటనే బ్యాట్‌మొబైల్ ఇంజిన్ గర్జిస్తుంది. టీవీ స్పీకర్లయితే ‘నైట్ మోడ్’ వేసుకోండి, రెండింటి మధ్య తేడా తగ్గుతుంది. సబ్‌వూఫర్ ఉన్నవాళ్లు క్రాసోవర్ (ఏ స్థాయి కింద శబ్దాలు సబ్‌వూఫర్‌కి వెళ్లాలో చెప్పేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, మాటల కోసం సెంటర్ స్పీకర్‌ని 2 డెసిబెల్స్ పెంచితే చాలు. సంగీత దర్శకుడు మైకేల్ జియాకినో ఇచ్చిన నాలుగు స్వరాల థీమ్ అడుగుల చప్పుడుతో కలిసి వస్తుంది, బాస్ లేకపోతే సగం పోయినట్టే.

పెన్నాతీరం:
పవర్ సేవింగ్ ‘హై’లో ఉంది! తీసేశాక గోడ వేరు, సూటు వేరు. అందరికీ థాంక్స్. పదకొండేళ్ల పిల్లలతో చూడొచ్చా?

చిక్కుముడి:
అమెరికాలో పీజీ-13 (పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులకి హెచ్చరిక), బ్రిటన్‌లో 15 (పదిహేనేళ్లు నిండినవాళ్లకే) సర్టిఫికెట్ ఇచ్చారు. నన్నడిగితే ఆ వయసుకి వద్దు. మొహానికి టేపు చుట్టిన శవం, తలకి తగిలించిన ఎలుకల పంజరం కళ్లు మూయించి దాటించొచ్చు. ఫోన్‌లో రికార్డయిన, అనికా అనే అమ్మాయి గొంతు నులిమే చప్పుడు ఉంటుంది, అది బొమ్మ కాదు కాబట్టి కళ్లు మూసినా ఆగదు.