సీటీలో అపెండిక్స్‌ని పట్టుకోవడం ఎలా?

ప్రశ్న (ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్):
అన్నలూ, అక్కలూ, నాకు సాయం కావాలి. మొదటి ఏడాది అనాటమీ బాగా చదివాను. అపెండిక్స్ ఏయే పొజిషన్లలో ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నిన్న సర్జరీ పోస్టింగ్‌లో మేడమ్ ఒక కడుపు సీటీ తెర మీద పెట్టి "అపెండిక్స్ చూపించు" అన్నారు. నేను వేలు పెట్టింది ఇలియం (చిన్నపేగులో ఆఖరి భాగం) చివర మీద. బొమ్మల్లో అంత సులువుగా కనిపించేది, నల్లగా బూడిదరంగుగా ఉన్న ఆ స్లైసుల్లో నాకు ఎందుకు దొరకడం లేదు? ఇంకో సందేహం. అదే పేషెంట్‌కి ముందు తీసిన అల్ట్రాసౌండ్ రిపోర్టులో "అపెండిక్స్ కనిపించలేదు" అని ఉంది. అంటే బాగానే ఉన్నట్టా?

జవాబు (సర్జరీ పీజీ):
తమ్ముడూ, ముందు అపెండిక్స్‌ని వెతకడం మానేసి సీకాన్ని, అంటే పెద్దపేగు మొదట్లో ఉండే సంచిని, వెతుకు. అపెండిక్స్ కొస ఎటైనా పోతుంది. సీకం వెనక్కి పోవచ్చు, పెల్విస్‌లోకి (కటి భాగంలోకి) దిగవచ్చు, ఇలియం ముందుకో వెనక్కో తిరగవచ్చు. మొదలు మాత్రం సీకాన్ని వదిలిపెట్టదు. సీకం లోపలి గోడకి (ఒంటి మధ్య వైపున్న గోడకి) కాస్త వెనకవైపున, ఇలియం వచ్చి కలిసే చోటికి దాదాపు 2 సెం.మీ. కింద ఉంటుంది. కొసని వెతికితే కడుపంతా తిరగాలి. మొదలు పట్టుకుంటే పని సగం అయిపోయినట్టే.

నేను చేసే పద్ధతి చెప్తాను. అడ్డకోత స్లైసుల్ని మనం పేషెంట్ పాదాల వైపు నిలబడి చూస్తున్నట్టు లెక్క. అతని కుడి మన తెరకి ఎడమవైపు వస్తుంది. కాలేయం ఎడమవైపు కనిపించిందా, సరే. దాని కింద అసెండింగ్ కోలన్ (సీకం నుంచి పైకి వెళ్లే పెద్దపేగు భాగం) ఉంటుంది. లోపల మలం, మధ్యమధ్య గాలి బుడగలతో మచ్చలమచ్చలుగా కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని కిందికి దిగు. ఒకచోట లోపలి గోడలోంచి రెండు పెదవుల్లాంటివి సీకంలోకి పొడుచుకొస్తాయి. వాటిలో కొవ్వు ఉంటే మధ్యలో నల్లగా కనిపిస్తుంది. అదే ఇలియోసీకల్ వాల్వ్, అంటే ఇలియం సీకంలో కలిసే చోటి కవాటం. అక్కణ్ణుంచి తొందరపడకు, ఒక్కో స్లైసే కిందికి జరుపు. సీకం గోడలోంచి ఇంకో సన్నని గొట్టం బయల్దేరుతుంది.

నీ పొరపాటు ఇక్కడే జరిగి ఉంటుంది. ఒకే స్లైసులో చూస్తే ఇలియం, అపెండిక్స్ రెండూ చిన్న ఉంగరాల్లాగే ఉంటాయి. అందుకే ఆగిన స్లైసు మీద వేలు పెట్టొద్దు. ఆ గొట్టాన్ని అవతలి చివరిదాకా వెంబడించు. అది పోయి ఇంకో పేగులో కలిస్తే ఇలియం. ఎక్కడో మూసుకుపోయి ఆగితే అపెండిక్స్. కరోనల్ స్లైసుల్లోనూ (ముందు నుంచి చూస్తున్నట్టుండే నిలువు కోతల్లో) ఒకసారి సరిచూసుకో.

జవాబు (రేడియాలజీ టీచర్):
పై జవాబు బాగుంది. దానికి కొంచెం కలుపుతాను.

సీటీలో ప్రతి కణజాలానికీ హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో ఒక విలువ ఉంటుంది. నీళ్లు 0, గాలి మైనస్ 1000, కొవ్వు దాదాపు మైనస్ 100. కడుపు చూసేటప్పుడు విండో (తెర మీద చూపే విలువల పరిధి) వెడల్పు 400, లెవెల్ (దాని మధ్య విలువ) 40 దగ్గర పెట్టుకుంటే కొవ్వు నల్లగా, పేగు గోడ బూడిదరంగులో విడిపోతాయి. అపెండిక్స్ మనకి కనపడేదే చుట్టూ ఉన్న ఆ నల్లని కొవ్వు వల్ల. బాగా సన్నగా ఉన్నవాళ్లలో పేగులు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి కాబట్టి అనుభవం ఉన్నవాళ్లకీ కష్టమే. నీకు దొరకలేదని టెన్షన్ పడకు.

ఇక వ్యాధి ఉందా లేదా అనేది. వ్యాసం 6 మి.మీ. దాటితే అనుమానించాలని చదివి ఉంటావు. ఆ అంకె ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పొద్దు. లోపల గాలి నిండి ఉంటే ఆరోగ్యంగా ఉన్న అపెండిక్స్ కూడా 6 దాటుతుంది. నేను ముందు చూసేది దాని చుట్టూ ఉన్న కొవ్వుని. అద్దం మీద ఊదితే మసకేసినట్టు, ఆ నలుపులో బూడిదరంగు చారలు వస్తే అక్కడ వాపు ఉంది. గోడ మందం, లోపల రాయి, పక్కన నీరు, ఇవన్నీ దానితో కలిపి చూడాలి.

అల్ట్రాసౌండ్ సంగతి జాగ్రత్తగా విను. "కనిపించలేదు" అంటే కనిపించలేదనే, "బాగుంది" అని కాదు. పేగులో గాలి అడ్డొచ్చినా, అపెండిక్స్ సీకం వెనక దాక్కున్నా కనపడదు. ప్రోబ్‌తో మెల్లమెల్లగా నొక్కుతూ గాలిని పక్కకి తోసి చూసే పద్ధతిని 1986లో డచ్ రేడియాలజిస్టు పైలేర్ట్ వివరించారు. వెనకవైపు వెన్నెముక పక్క నుంచి తొడకి పోయే సోయాస్ కండరం, ఇలియాక్ రక్తనాళాలు కనపడేదాకా నొక్కాలి. వాచిన అపెండిక్స్ అయితే నొక్కినా అణగదు. పిల్లల్లో, గర్భిణుల్లో రేడియేషన్ వద్దనుకుంటాం కాబట్టి ముందు అల్ట్రాసౌండే. గర్భిణుల్లో అందులో తేలకపోతే, వీలున్న చోట ఎంఆర్‌ఐకి వెళ్తాం. రిపోర్టులో కనిపించలేదని ఉండి పేషెంట్‌కి నొప్పి పెరుగుతుంటే రిపోర్టుని కాదు, పేషెంట్‌ని నమ్ము.

ప్రశ్నించినవారు:
సార్, అక్కా, చాలా థాంక్స్. ఈ రోజు అదే సీటీ మళ్లీ అడిగి తీసుకుని, వాల్వ్ నుంచి మొదలుపెట్టాను. దొరికింది! సీకం వెనకగా పైకి పోయి కాలేయం కిందిదాకా వెళ్లింది. ఒక్కటి అర్థం కాలేదు. ఈ పేషెంట్‌కి మెక్‌బర్నీ పాయింట్ (కడుపు కుడివైపు కింద, అపెండిక్స్ నొప్పి కోసం నొక్కి చూసే చోటు) దగ్గర నొక్కితే పెద్దగా నొప్పి లేదు.

జవాబు (సర్జరీ పీజీ):
నువ్వు చూసిన సీటీలోనే జవాబు ఉంది తమ్ముడూ. అపెండిక్స్ నొప్పి మొదట బొడ్డు చుట్టూ వస్తుంది, ఎందుకంటే దాని నుంచి వచ్చే నరాలు టీ10 (ఛాతీ భాగపు పదో నరం) స్థాయిలో వెన్నుపాములోకి చేరతాయి, బొడ్డు చర్మానిదీ అదే స్థాయి. వాపు కడుపు గోడ లోపలి పొరకి తగిలాకే నొప్పి కుడివైపు కిందికి దిగుతుంది. ఇక్కడ అపెండిక్స్‌కీ ముందు గోడకీ మధ్య సీకం అడ్డంగా ఉంది. ముందు నుంచి నొక్కితే నీ వేలి కింద ఉన్నది గాలి నిండిన సీకం. ఇలాంటివాళ్లని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, కుడికాలిని తుంటి దగ్గర వెనక్కి లాగి చూడు. సోయాస్ కండరం సాగి, దాని మీద ఆనుకున్న వాపుకి నొప్పి పుడుతుంది. పెల్విస్‌లోకి దిగిన అపెండిక్స్ అయితే మూత్రంలో మంట, విరేచనాలు అని వస్తారు, మనం వేరే రోగం అనుకుని పంపేస్తాం. అక్కడే ఎక్కువ భయం నాకు.

ఈ కేసు ఆపరేషన్‌కి వెళ్తే తప్పక లోపలికి వచ్చి చూడు. సీకం మీద మూడు టీనియాలు, అంటే నిలువు కండరాలు, పట్టీల్లా కనిపిస్తాయి. వాటిలో ముందున్నదాన్ని పట్టుకుని కిందికి వస్తే, మూడూ కలిసే చోట అపెండిక్స్ మొదలు ఉంటుంది. తెర మీద నువ్వు వాల్వ్ నుంచి దిగినట్టే, మేం అక్కడ టీనియా వెంట దిగుతాం.