ఐసోలేషన్ గదిలో పోర్టబుల్ ఎక్స్‌రే: ఒక్కరే ఉన్నప్పుడు పని ఏ వరుసలో చేసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. రేడియోగ్రఫీ శిక్షణ ముగించుకొని ఈ మధ్యే ఐసీయూలో పోర్టబుల్ ఎక్స్‌రే విధుల్లో చేరాను. ఐసోలేషన్‌లో (ఇన్ఫెక్షన్ ఇతరులకు సోకకుండా విడి గదిలో) ఉన్న రోగికి ఛాతీ ఎక్స్‌రే తీయడానికి ఇద్దరు వెళ్లాలని, ఒకరు రోగిని, మరొకరు యంత్రాన్ని మాత్రమే తాకాలని మాకు నేర్పారు. రాత్రి విధుల్లో నేను ఒక్కదాన్నే ఉంటాను కనుక, రోగి వీపు కింద డిటెక్టర్ (ఎక్స్‌రే చిత్రాన్ని పట్టే పలక) పెట్టిన చేతులతోనే కిరణాలు వెలువడే ఎక్స్‌రే ట్యూబు సరిచేసి, కాలిమేటర్ (కిరణాలు పడే మేరను హద్దు చేసే భాగం) నాబ్ తిప్పి, ఎక్స్‌పోజర్ స్విచ్ నొక్కవలసి వస్తోంది. గ్లవ్స్ ఉన్నాయి కదా, వాటి మీదే కాస్త శానిటైజర్ రాసుకుంటే చాలునని తోటివారు కొందరు అంటున్నారు. అదే యంత్రాన్ని కాసేపటికి మరో రోగి మంచం దగ్గరకు తోసుకువెళ్లాలి కనుక నా మనసు దానికి ఒప్పుకోవడం లేదు. అనుభవం ఉన్నవారు వివరించగలరని మనవి.

సమాధానం: సీనియర్ రేడియోగ్రాఫర్

మీ ఆందోళన సరైనదే. రేడియాలజీ నుంచి మీరు ఒక్కరే వెళ్లినా, ఆ రోగిని చూసుకునే నర్సు గౌనుతో, గ్లవ్స్‌తో అక్కడే ఉంటారు. రోగిని లేపి డిటెక్టర్ పెట్టే పనిలో సాయం చేయమని ఆమెను ముందే అడగండి. అప్పుడు రోగిని తాకే చేతులు ఆమెవి, యంత్రాన్ని తాకే చేతులు మీవి అవుతాయి. ఎక్స్‌పోజర్ ఇచ్చే ముందు ఆమెకు లెడ్ ఏప్రాన్ ఇవ్వాలి, లేదా కనీసం 2 మీటర్ల దూరం జరగమని చెప్పాలి.

నర్సు ఖాళీగా లేనప్పుడు, యంత్రం పనిలో ఎక్కువ భాగాన్ని రోగిని తాకకముందే ముగించుకోండి. గది బయటే రోగి వివరాలు, ఎక్స్‌పోజర్ విలువలు కన్సోల్‌లో నింపి, డిటెక్టర్‌ను శుభ్రమైన ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి మూయండి. లెడ్ ఏప్రాన్ వేసుకొని దాని మీద గౌను తొడుక్కుంటే ఏప్రాన్‌కు మురికి అంటదు. లోపలికి వెళ్లాక ట్యూబు ఎత్తు, కోణం, కాలిమేషన్ సుమారుగా అమర్చుకొని, ఆ తరువాతే రోగి దగ్గరకు వెళ్లాలి. డిటెక్టర్ పెట్టాక ఆ గ్లవ్స్ తీసేసి, చేతులకు హ్యాండ్ రబ్ (ఆల్కహాల్ శానిటైజర్) రాసుకొని, అది ఆరాక కొత్త జత వేసుకొని చివరి సవరణ చేసి ఎక్స్‌పోజర్ ఇవ్వండి.

డిటెక్టర్‌ను బయటకు తీసే ఘట్టంలోనే చాలామంది తడబడతారు. కవరు బయటి వైపు రోగికి తగిలింది, లోపలి వైపు తగలలేదు. అందుకే మిగతా పని ఒంటరిగా చేసుకున్నా, ఆ ఒక్క నిమిషమైనా రెండో మనిషి ఉండాలని నేను పట్టుబడతాను: నర్సు కవరు మూతిని బయటికి మడిచి పట్టుకుంటే, మీరు శుభ్రమైన చేతులతో డిటెక్టర్‌ను మాత్రమే పైకి లాగాలి. కవరు గదిలోని వ్యర్థాల బుట్టలోకే వెళ్లాలి.

సమాధానం: ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు

పై సమాధానంతో ఏకీభవిస్తూ, శానిటైజర్ విషయం చెబుతాను. వాడి పారేసే గ్లవ్స్ మీద హ్యాండ్ రబ్ రాయడం చేతుల శుభ్రత కిందికి రాదు. గ్లవ్స్‌లో కంటికి కనిపించని రంధ్రాలు ఉండవచ్చు, తీసేటప్పుడు మణికట్టుకు మురికి అంటవచ్చు. అందుకే గ్లవ్స్ తీసిన ప్రతిసారీ చేతులు శుభ్రం చేసుకోవాలి. హ్యాండ్ రబ్‌తో 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. రోగికి క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలు అవుతుంటే దాని స్పోర్లను (గట్టి పొర ఉన్న బీజ రూపాలను) ఆల్కహాల్ చంపలేదు కనుక సబ్బు నీళ్లే వాడాలి. యంత్రాన్ని కూడా స్పోర్లను చంపగల ద్రావణంతోనే తుడవాలి.

యంత్రాన్ని ద్రావణంతో తుడిచిన వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. ద్రావణం డబ్బా మీద ఎన్ని నిమిషాలు తడిగా ఉండాలని రాసి ఉందో అన్ని నిమిషాలూ ఆ ఉపరితలం తడిగా ఉంటేనే మందు పనిచేస్తుంది. తోసే హ్యాండిల్, కాలిమేటర్ నాబ్‌లు, ఎక్స్‌పోజర్ స్విచ్, దాని తీగ తప్పకుండా తుడవండి. ఆ తీగ నేలకు తగులుతూ ఉంటుంది, అయినా దాన్ని ఎవరూ పట్టించుకోరు. ద్రావణాన్ని డిటెక్టర్ మీద నేరుగా చల్లకుండా గుడ్డను తడిపి తుడవాలి.

సమాధానం: రేడియోగ్రఫీ బోధకుడు

శుభ్రత మీద దృష్టి పెట్టే తొందరలో రోగిని మరవవద్దు. స్పృహ ఉన్నా లేకున్నా చేయబోయేది చెప్పి, మంచం నంబరును నమ్మకుండా చేతి పట్టీ మీద పేరు, ఆసుపత్రి నంబరు రెండూ సరిచూడాలి. లేపే ముందు ప్రతి గొట్టం ఎటు వెళుతోందో కళ్లతో చూసుకోండి. మూత్రం సంచిని వీలుగా ఉందని రోగి పొట్ట మీద పెడితే మూత్రం వెనక్కి మళ్లి ఇన్ఫెక్షన్‌కు దారితీస్తుంది; అది ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి. ఛాతీ గొట్టం సీసా కూడా ఛాతీ కన్నా కిందే ఉండాలి.

వెంటిలేటర్ మీద ఉన్నవారి ఎక్స్‌రే చాలాసార్లు శ్వాస గొట్టం కొన ఎక్కడుందో చూడటానికే అడుగుతారు. గడ్డం కిందికి వంగితే ఆ కొన సుమారు 2 సెంటీమీటర్లు లోపలికి, తల వెనక్కి వాలితే దాదాపు అంతే పైకి జరుగుతుంది. అందువల్ల మెడను తిన్నగా ఉంచి ఫిల్మ్ తీయాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం: ఊపిరితిత్తుల క్షయ అనుమానంతో వచ్చిన రోగిని విభాగంలోని ఎక్స్‌రే గదికే తీసుకువస్తే, తరువాతి రోగిని ఎంతసేపటికి లోపలికి పిలవవచ్చు?

సమాధానం: ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు

ఆ రోగికి సర్జికల్ మాస్కు, మీకు ఎన్95 ఉండాలి. వేచి ఉండే హాలులో కూర్చోబెట్టకుండా నేరుగా లోపలికి పిలవాలి. ఆయన వెళ్లాక తలుపు మూసి ఉంచండి. గదిలో గాలి గంటకు 12 సార్లు మారుతుంటే సుమారు 23 నిమిషాల్లో, 6 సార్లయితే సుమారు 46 నిమిషాల్లో గాలిలోని కణాలు 99 శాతం తొలగిపోతాయి. మీ గదిలో గాలి ఎన్నిసార్లు మారుతుందో ఆసుపత్రి ఇంజనీరింగ్ విభాగాన్ని అడిగి, ఆ అంకెను తలుపు పక్కన రాసి పెట్టించండి.