ఉమ్మనీటి ఎంబాలిజం: కోనసీమకు క్రయో ఎలా తెప్పిస్తున్నారు?

కాన్పు గదుల్లో పనిచేసే డాక్టర్లు, సిస్టర్లు దయచేసి చెప్పండి. ఉమ్మనీటి ఎంబాలిజంలో (ఉమ్మనీరు తల్లి రక్తంలోకి చేరి వచ్చే ప్రాణాపాయం) బీపీ, ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోతాయి, ఆ వెనకే రక్తం గడ్డకట్టడం మానేస్తుంది. సీపీఆర్ చేస్తూ గర్భాశయాన్ని చేత్తో ఎడమకు జరపడం, 4 నిమిషాలకీ గుండె కొట్టుకోకపోతే ఉన్నచోటే సిజేరియన్ మొదలుపెట్టడం, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము 10 నిమిషాల్లో ఎక్కించడం అమలాపురం, రాజోలు వైపు కూడా చేయగలం. చిక్కంతా రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్ ఫైబ్రినోజెన్‌తోనే. సాదా గాజు గొట్టంలో (ప్లాస్టిక్‌ది వద్దు, అందులో ఆలస్యమవుతుంది) 5 మి.లీ. రక్తం 7 నిమిషాలకీ గడ్డకట్టలేదంటే ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకూడదు, క్రయోప్రెసిపిటేట్ (క్రయో: ప్లాస్మా నుంచి తీసి ఫ్రీజ్ చేసి ఉంచే, ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే పదార్థం) కావాలి. కరిగించాక అది కొన్ని గంటలే పనికొస్తుంది. మరి కాకినాడ, రాజమండ్రి నుంచి ఫ్రీజ్ అయి ఉండగానే తెచ్చి ఇక్కడ 37 డిగ్రీల నీళ్లలో కరిగిస్తున్నారా, కరిగించే పంపమంటున్నారా? గోదావరి వరదల్లో లంకల దారులు మునిగితే ఏం చేస్తున్నారు?